కొత్త సారా సాక్ష్యం

నేను ఎవరినీ తొందరగా నమ్మను. చర్చిలో పాస్టరు గారు అందరూ కళ్ళు మూసుకోండి అంటే నేను ఒక కన్ను తెరిచే ఉంచుతాను. ఇరవై రెండేళ్ళుగా భద్రాచలంలో లేబర్ ఆఫీసు ఎదురుగా జిరాక్స్ దుకాణం పెట్టుకుని అర్జీలు రాస్తున్నదాన్ని, ఇంకెలా ఉంటాను? నా బల్ల ముందు కూర్చునే ప్రతి మనిషీ సగం చెప్తాడు, సగం మింగుతాడు. ఆ మింగిన సగం సరిగ్గా విచారణ రోజునే బయటపడి నా పరువు తీస్తుంది.

జులైలో ముసురు పట్టిన ఒక పొద్దున నాగక్క, ఆమె భర్త పగిడయ్య తడిసిన బట్టలతో దుకాణం మెట్లెక్కారు. వాళ్ళది చర్ల దాటాక అడవి లోపలి ఊరు. మార్చిలో పగిడయ్య కుడిచెయ్యి చర్ల దగ్గరి మిల్లులో నలిగిపోయింది. జామాయిల్ దుంగల్ని గిరగిరా తిప్పి పలచటి పొరలుగా తీసే మిషను అది, ఆ పొరల్ని అతికించి ప్లైవుడ్ చేస్తారు. రోలర్ల మధ్య ఇరుక్కున్న బెరడును లాగబోతే మిషను చేతిని లాక్కుంది. నాలుగు వేళ్ళు పోయాయి. రోలర్లకు అడ్డంగా ఇనుప జాలీ ఉంటే చెయ్యి లోపలికి పోయే సందే ఉండదని, ఆ జాలీ లేదని వాళ్ళ మాట. ఆ మాట మీదనే మే నెలలో నష్టపరిహారం అర్జీ రాసిచ్చాను. ఇప్పుడు దానికి మిల్లు జవాబు వచ్చింది.

"మిల్లోళ్ళు పంపిండ్రమ్మా. జర చదివి చెప్పు" అంది నాగక్క.

చదివాను. చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు పొద్దున పగిడయ్య సారా తాగి పనిలోకి వచ్చాడట. జాలీ అడ్డంగా ఉందని తానే బోల్టులు ఊడదీసి పక్కన పడేశాడట. మేనేజరు వద్దన్నా వినలేదట. వెనక జాలీ ఫొటో ఒకటి జతచేశారు. దాని వెనక ఒక సాక్షి వాంగ్మూలం. సాక్షి పేరు జంపయ్య, అదే మిల్లులో కూలీ.

"ఎవరీ జంపయ్య?"

నాగక్క మొహం పాలిపోయింది. "నా తమ్ముడు" అంది.

"మీ తమ్ముడే చెప్తున్నాడు, ఆ పొద్దున తనూ మీ ఆయనా కూర్చుని తాగారని. ఈ మాట నాకు మేలో ఎందుకు చెప్పలేదు?"

నేను పగిడయ్య వైపు తిరిగాను. ఆయన తువాలు చుట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఆఫీసు గేటు వైపు చూస్తున్నాడు.

"వాణ్ణి ఏమనకుండ్రమ్మా" అన్నాడు చివరికి. అంతే. తాగాననీ అనలేదు, తాగలేదనీ అనలేదు.

అయిపోయింది, ఈయన తాగాడు, అనుకున్నాను. తాగనివాడు తాగలేదని మొత్తుకుంటాడు గానీ తన మీద సాక్ష్యం చెప్పినవాణ్ణి వెనకేసుకొస్తాడా? నాగక్క కూడా భర్త వైపు అదోలా చూసింది. ఆమెకూ అనుమానం పుట్టిందని నాకు అర్థమైంది.

వాళ్ళకు సంగతి విడమరిచి చెప్పాను. పనిలో దెబ్బ తగిలితే యజమానే బాధ్యుడు, అది చట్టం. అయితే యజమాని జారుకోవడానికి చట్టంలో కొన్ని సందులున్నాయి. ప్రమాదం పనివాడి తాగుడు వల్లనే జరిగిందని రుజువు చేస్తే ఒక సందు. కాపాడడానికి పెట్టిన జాలీని పనివాడే తెలిసి తెలిసీ తీసేశాడంటే ఇంకో సందు. ప్రాణం పోయినప్పుడూ మనిషి పూర్తిగా ఏ పనికీ పనికిరాకుండా పోయినప్పుడూ ఈ సాకులు పనికిరావు. వేళ్ళు పోయిన కేసులో మాత్రం పనికొస్తాయి. మిల్లు లాయరు రెండు సందుల్లోనూ కాలు పెట్టాడు.

"గీ కేసు పోతే?" అంది నాగక్క.

"మిల్లు నుంచి ఏమీ రాదు."

ఆమెకు లెక్కలు చెప్పాల్సిన పనిలేదు. రెండెకరాల పోడు, గొడ్డలి పట్టలేని మొగుడు, మానని చేతికి ఇంకా ఒక ఆపరేషను బాకీ. కాగితాలు నా దగ్గర వదిలేసి ఇద్దరూ వానలో దిగి వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళాక కూడా నా కోపం దిగలేదు. నాతో అబద్ధమాడారని కోపం, అది మేలోనే కనిపెట్టలేకపోయానని ఇంకా కోపం.

మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు ఆ ఫొటోను స్కాన్ చేసి కంప్యూటర్లో పెద్దది చేసి చూశాను. జాలీ ఆకుపచ్చగా, బుద్ధిగా మిషను మీద కూర్చుని ఉంది. మిషను ఒళ్ళంతా కర్రపొట్టు గడ్డకట్టి ఉంటే జాలీ మీద మాత్రం నలుసు లేదు. బోల్టులు కొత్త గిన్నెల్లా మెరుస్తున్నాయి. నాలుగు బోల్టుల్లో ఒకదానికి దుకాణంవాడు అంటించిన ధర చీటీ ఇంకా ఊడలేదు. ఫొటో తీసింది ప్రమాదం జరిగిన మర్నాడని జవాబులోనే రాసుకున్నారు. ఓహో, అనుకున్నాను. అయినా దాంతో ఏమవుతుంది? పాత బోల్టులు పగిడయ్య పారేశాడు, మేం కొత్తవి కొన్నాం అంటారు.

మూడో రోజు మిల్లు మేనేజరు రామకృష్ణ స్వయంగా నా దుకాణానికి వచ్చాడు. వైరా వైపు మనిషి, ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. ఒక్క ఆధార్ కార్డు జిరాక్స్ కోసం కారు దిగి వచ్చాడంటే నేను నమ్మాలి మరి.

"సంపూర్ణ గారూ, మా మిల్లు టైపింగు పనంతా ఎవరికిద్దామా అని చూస్తున్నం. మీ చేతి పని బాగుంటదని అందరూ అంటుండ్రు."

"ఇన్నాళ్ళు ఎవరూ అనలేదా?" అన్నాను.

నవ్వాడు. "ఆ పగిడయ్య మంచోడేనండీ. కానీ ఇప్ప కాలంలో వీళ్ళు ఎట్లుంటరో మీకు తెల్వంది కాదు. కొత్త సారా దిగిందంటే పొద్దు లేదు, మాపు లేదు. ఆమె సొంత తమ్ముడే చెప్తుంటే మేమేం చేస్తం? మీరెందుకండీ దీంట్ల?"

ఆయన వెళ్ళాక నాకు రెండు ఆలోచనలు వచ్చాయి. నిజం తన పక్కన ఉన్నవాడు నాకు టైపింగు పని ఎందుకు చూపిస్తాడు? ఇది మొదటిది. రెండోది నాకు సిగ్గు తెప్పించింది. 'వీళ్ళు ఎట్లుంటరో' అన్నాడే, మూడు రోజులుగా నేనూ అదే అనుకుంటున్నాను. ఇప్ప కాలం, అడవి మనుషులు, ఇంకేముంది, తాగే ఉంటాడు అని. అనుమానం నా సొంతమనుకున్నాను. చూస్తే అది ఆయన రాసిచ్చిన అనుమానమే.

మర్నాడు దుకాణం మూసి చర్ల బస్సెక్కాను. చర్ల నుంచి ఆటో. పోలీసు క్యాంపు దగ్గర సంచి విప్పి చూపించి, ఆ పైన రోడ్డు అనే పేరు మాత్రమే మిగిలిన బురదలో కిలోమీటరున్నర నడిచాను. దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను.

నాగక్క వాకిట్లో వెదురు చేట అల్లుతోంది. పగిడయ్య ఎడమ చేత్తో మేకకు ఆకు వేస్తున్నాడు. నీళ్ళు తాగి, పక్కదారి పట్టకుండా అడిగాను.

"పగిడయ్యా, నేను నీ పక్షమే. నిజం చెప్పు. ఆ పొద్దున తాగినవా?"

పగిడయ్య మేక వైపే చూశాడు. నాకు విసుగొచ్చింది. సంచిలోంచి జంపయ్య వాంగ్మూలం తీసి మొదటి అక్షరం నుంచి గట్టిగా చదివాను. "మార్చి పద్దెనిమిదో తేదీ ఉదయం మా ఇంట్లో నేనూ మా బావ పగిడయ్యా ఈ ఏడు కాచిన కొత్త ఇప్పసారా చెరి రెండు గ్లాసులు తాగి డ్యూటీకి పోయాము..."

నాగక్క చేతిలో చేట ఆగిపోయింది. "ఏందమ్మా? మల్ల చదువు. కొత్త సారానా?"

"ఈ ఏడు కాచిన కొత్త ఇప్పసారా. మొన్న దుకాణంలో కూడా చెప్పాను కదా, తాగారని రాశాడని."

"తాగిండ్రు అన్నవు. కొత్తది అన్లే. తమ్ముని పేరు ఇన్నంక ఇంక నాకేం ఇనబడలే." ఆమె లేచి నిలబడింది. "మార్చి పద్దెనిమిదిన కొత్త సారా యాడిదమ్మా మా ఊర్ల?"

అప్పుడు చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ఇప్పపూల పండుగ చేయనిదే ఎవరూ కొత్త పువ్వు వాడరు. ఏరుకొచ్చి ఎండబెడతారు, అంతవరకే. వండడం లేదు, కాచడం లేదు, అమ్మడం లేదు. ముందు పూజారి దేవతకు పెట్టాలి, ఆ తర్వాతే ఊరు ముట్టాలి. పండుగకు ముందు కొత్తది నోట్లో పెట్టుకున్నవాణ్ణి ఊరు కలుపుకోదు. వాడింట్లో ఎవరూ మంచినీళ్ళు కూడా తాగరు.

"ఈ ఏడు పండుగ ఎప్పుడైంది?"

"ఏప్రిల్ల. రెండు వారాలు పోయినంక. పువ్వంత బూజు పట్టవట్టె, ఆడోళ్ళు తిట్టవట్టిరి, అయినా ఆగినం."

"ఎందుకు ఆగారు?"

"పూజారి దవాఖానాల ఉండె గద."

ఒక్క క్షణం నాకు తట్టలేదు. తట్టాక పగిడయ్య వైపు చూశాను.

"అవ్, గీయనే మా పూజారి" అంది నాగక్క. "వచ్చినంక ఎడమ చేత్తో పెట్టొచ్చా లేదా అని పెద్దోళ్ళు రెండు రోజులు మాట్లాడుకున్నరు. పెట్టమన్నరు. పెట్టిండు."

"పండుగ చేసేటోడు నెల ముందు నుంచి పాతది గూడ ముట్టడు" అన్నాడు పగిడయ్య మెల్లగా. "నేను తాగలే."

నాకు ఆయన్ను కొట్టాలనిపించింది. "ఆ రోజే ఈ ముక్క నోరు తెరిచి చెప్పడానికేమైంది?"

"చెప్తే అందరికీ తెలుస్తది. పండుగ ముందర పూజారితో కూసొని తాగిన అని జంపయ్య వేలిముద్ర వేసిండు, ఇప్పుడు చూస్తే కొత్తది అని గూడ ఉంది. ఊరు వాణ్ణి బయట పెడతది. వానికి ఇద్దరు ఆడపిల్లలు."

అంటే ఈయన తన చేతికి రావలసిన పరిహారాన్ని బావమరిది కోసం వదులుకుని కూర్చున్నాడు. నేను దాన్ని తాగుబోతు మౌనం అనుకున్నాను. నాగక్క మాత్రం భర్తను చూడలేదు, కాగితం మీది ఆ వేలిముద్రనే చూస్తోంది. మార్చి నుంచి తమ్ముడు ఈ గుమ్మం తొక్కలేదని, ఎందుకో తనకు ఇన్నాళ్ళకు తెలిసిందని చెప్పింది.

"జంపయ్యను ఆఫీసుల అందరి ముందర అడగాలె నాగక్కా" అన్నాను. "అడిగితే మీ తమ్ముడు ఎటు చెప్పినా మునుగుతడు. తాగిన అంటే ఊరు పోతది, తాగలే అంటే మిల్లు పోతది. అడుగుతవా?"

"మొగనికి చెయ్యి పాయె. తమ్ముడు పోతే పోనీ" అంది.

విచారణ ఆగస్టు రెండో వారంలో పడింది. ఆఫీసు గదిలో ఫ్యాను కింద మేడం, అంటే కేసు వినే అధికారి, కూర్చున్నారు. ఒక పక్క రామకృష్ణ, మిల్లు లాయరు. మరో పక్క నాగక్క, పగిడయ్య, వెనక బల్ల మీద పండుగ తేదీ చెప్పడానికి ఊరి నుంచి వచ్చిన ఇద్దరు ముసలివాళ్ళు. అర్జీ రాసినదాన్నని మేడం నన్ను తలుపు దగ్గర నిలబడనిచ్చారు.

జంపయ్యను నేను అంతకుముందు చూడలేదు. డబ్బు తిన్నవాడి మొహం ఎలా ఉంటుందో చూద్దామని కాచుకుని ఉన్నాను. బక్కపల్చని మనిషి వచ్చాడు, ముప్పై ఏళ్ళుండవచ్చు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. చొక్కా కొత్తది, దానికి సరిపడా ధైర్యం మాత్రం మొహంలో లేదు. మిల్లు వాళ్ళే కొనిచ్చి ఉంటారనుకున్నాను.

లాయరు వాంగ్మూలం చదివించాడు. నిజమేనా అన్నాడు. జంపయ్య తలూపాడు.

మేడం పగిడయ్య వైపు చూశారు. "మీరేమైనా అడుగుతారా?"

నాగక్క లేచింది. "నేను అడుగుత మేడం." తమ్ముడి ఎదురుగా వచ్చి నిలబడింది. "జంపయ్యా, పండుగ కాకముందుకు నువ్వు కొత్త ముట్టినవా? పూజారి చేతికి గిలాస ఇచ్చినవా? పెద్దోళ్ళు ఎనక కూసున్నరు. చెప్పు."

జంపయ్య వెనక బల్ల వైపు చూడలేకపోయాడు. రామకృష్ణకు ఈ ప్రశ్నలో ఏముందో అంతుపట్టక లాయరు చెవిలో ఏదో అడిగాడు. కొత్త సారా అనే మాట వాంగ్మూలంలో రాయించింది ఆయనే అయ్యుండాలి. నమ్మేలా ఉండాలని అలంకారం చేశాడు. ఆ అలంకారానికి మా ప్రాంతంలో ఇంత బరువుందని వైరాలో ఎవరు చెప్తారు!

ముసలివాళ్ళలో ఒకాయన కోయ భాషలో ఏదో అన్నాడు, రెండే మాటలు. జంపయ్య అక్క వైపు తిరిగాడు.

"ముట్టలేదక్కా. బావ కూడ తాగలే. మేనేజరు సారు రాసుకొచ్చిండు, నేను వేలు పెట్టిన."

లాయరు ఎగిరి లేచాడు. "ఇతను అబద్ధాలకోరని ఇతనే ఒప్పుకుంటున్నాడు మేడం! ఇప్పుడు చెప్పేది ఎట్లా నమ్ముతారు?"

నిజం చెప్పాలంటే నాకూ అదే అనుమానం. అక్కనూ పెద్దవాళ్ళనూ ఎదురుగా చూసి మాట మార్చాడేమో, రేపు ఇంకో కాగితం మీద ఇంకో వేలు పెడతాడేమో.

మేడం లాయరును కూర్చోమన్నారు. "ఎందుకు వేలు పెట్టావు? డబ్బిచ్చారా?"

"లేదు మేడం. పెట్టకుంటే పనిలకు రావద్దన్నరు."

"జాలీ సంగతి చెప్పు. పగిడయ్య తీశాడా?"

"పోయిన ఏడు వానాకాలంలనే తీసేసిండ్రు మేడం. జాలీ ఉంటే బెరడు ఇరికినప్పుడల్ల మిషను ఆపాలె, బోల్టులు ఇప్పాలె. రోజుకు ఇన్ని పొరలని లెక్క ఉంటది. తీసెయ్యమని మేనేజరు సారే చెప్పిండు. మేమందరం చూసినం."

"ఫొటోలో ఉంది కదా?"

"బావకు దెబ్బ తాకిన తెల్లారి బిగించిండ్రు. తనిఖీ ఆఫీసరు వచ్చి చూసిపోయిండు. వారం దాటినంక మల్ల తీసేసిండ్రు."

మేడం పెన్ను ఆగింది. "మళ్ళీ తీసేశారా? ఇప్పుడు లేదా?"

"లేదు మేడం."

"ఇప్పుడు ఆ మిషను మీద పని చేసేది ఎవరు?"

"నేనే" అన్నాడు జంపయ్య. "బావ జాగల నన్నే పెట్టిండ్రు."

వెనక్కి పెట్టుకున్న చేతులు ముందుకు తెచ్చాడు. పది వేళ్ళూ ఉన్నాయి. ఎడమ చూపుడువేలికి గోరు లేదు, గోరుండే చోట నల్లగా పొక్కు కట్టింది. డబ్బు కోసం మొహం వెతికాను గానీ, ఈ మనిషి అయిదు నెలలుగా రోజూ పొద్దున్నే ఎక్కడ చెయ్యి పెడుతున్నాడో అడగాలని నాకు తట్టనే లేదు. నా ఇరవై రెండేళ్ళ అనుమానం ఎంత గుడ్డిదో ఆ వేలు చూశాక తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. పగిడయ్య తల దించుకున్నాడు. వాణ్ణి ఏమనకుండ్రి అన్నప్పుడు ఆయన ఊరు సంగతి ఒక్కటే కాదు, ఈ మిషను సంగతి కూడా ఆలోచించాడని అప్పుడు అర్థమైంది.

మేడం రామకృష్ణ వైపు తిరిగారు. గొంతు పెంచలేదు.

"జంపయ్య ఇక్కడున్నాడు. ఈ పూట ఆ మిషను మీద ఎవరున్నారు?"

రామకృష్ణ లాయరును చూశాడు. లాయరు తన ఫైలు చూసుకున్నాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. మిషను ఆపి వచ్చారా?"

"నడుస్తుంది మేడం. ఆర్డర్లున్నయి..."

"ఎవరున్నారు?"

జవాబు జంపయ్య చెప్పాడు, మేడానికి కాదు, అక్కకు. "మన గోపాలు ఉన్నడక్కా. పనిల చేరి నాలుగు రోజులాయె. బెరడు ఎట్ల గుంజాలో నిన్ననే నేర్పిచ్చిన."

నాగక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెనక బల్ల మీద ముసలాయన గబుక్కున లేచాడు. ఆయన మనవడు గోపాలు అని తర్వాత తెలిసింది.

"ఫోన్ చేసి ఆపించండి. ఇప్పుడే, నా ముందర" అన్నారు మేడం.

రామకృష్ణ ఫోను తీశాడు. వేలు తడబడి రెండుసార్లు తప్పు నొక్కాడు. స్పీకరు పెట్టమన్నారు మేడం. పెట్టి బల్ల మీద ఉంచాడు. అవతల రింగవుతోంది. అందరం ఆ ఫోను చుట్టూ వంగి నిలబడ్డాం, మిల్లు లాయరుతో సహా. రింగై రింగై ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఆ మెత్తటి మనిషి మొహం మీద చెమట చూశాను, అందులో నాకు నటన ఏమీ కనబడలేదు.

"ఎత్తరు మేడం" అన్నాడు జంపయ్య. "మిషను నడిచేటప్పుడు ఫోను ఇనబడదు."

మేడం జీపు తీయమని అటెండరును కేకేశారు. మిల్లుకు యాభై కిలోమీటర్లు. పగిడయ్య అప్పటికే మెట్లు దిగుతున్నాడు. బల్ల మీద ఫోను మూడోసారి రింగవుతోంది.